పూడిక తీయకూడని కట్ట: బాల్కనీలో ఒక నది, పని డైరీ

ఇలాంటిది చేసుకోదలచిన వారికి పనికొస్తుందని ఈ లెక్కలన్నీ రాసి పెడుతున్నాను. కనీసం నా డబ్బు ఏయే చోట్ల నీళ్లపాలైందో అక్కడ మీది కాకుండా ఉంటే చాలు.

పని ఇది. జపాన్‌లో తొయామా నగరంలో మేముండే అపార్ట్‌మెంటు బాల్కనీలో నీళ్లు పారే చెక్క తొట్టి కట్టాలి. అందులో పైభాగాన కొండల మధ్య గిన్నెలాంటి లోయ, మధ్యలో నది, కింద ఊళ్లున్న మైదానం ఉండాలి. పంపుతో నీళ్లు వదిలితే ఇసుక కొట్టుకుపోవాలి, అడ్డుకట్టలు వేస్తే ఆగాలి. జూలైలో మా వీధి సామాజిక భవనంలో పిల్లలకు చూపిస్తానని ఒప్పుకున్నాను.

నమూనాకు మూలం తతెయామా కాల్డెరా అనే, కొండల మధ్య గిన్నెలాంటి పెద్ద లోయ. దాని కథ చెప్పడానికే తతెయామా రైలు స్టేషను పక్కన 1998లో ఒక మ్యూజియం తెరిచారు. పేరు తతెయామా కాల్డెరా సబొ మ్యూజియం. కేబుల్ కారు ఎక్కే తొందరలో యాత్రికులు చాలామంది దాని ముందు నుంచే వెళ్లిపోతారు. నేను కూడా రెండేళ్లపాటు అలాగే వెళ్లాను. ‘సబొ’ అంటే జపనీస్ భాషలో ఇసుకను ఆపడం. కొండ కోతను, రాళ్లు మట్టి కలిసి వచ్చే వరదను అదుపు చేసే పనులన్నిటికీ అదే పేరు. ఇంజినీర్లు ఇతర దేశాల్లో కూడా ఈ మాటనే వాడుతున్నారు.

అర్థం కావడానికి నాలుగు వాస్తవాలు చాలు. కాల్డెరా తూర్పు పడమరలుగా సుమారు 6.5 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 4.5 కిలోమీటర్లు. అగ్నిపర్వతం కట్టిన కొండను కోత తొలిచి తొలిచి ఇంత గిన్నె చేసింది. వేడినీటి ఊటలకు రాయి మెత్తబడి ఉంది. 1858 ఏప్రిల్ 9న వచ్చిన భూకంపానికి లోపలి తోంబి కొండలు కూలి లోయను పూడ్చేశాయి. ఆ శిథిలంలో ఇరవై కోట్ల ఘనపు మీటర్లు ఇప్పటికీ అక్కడే ఉందని అంచనా. అక్కడి నీళ్లు చేరే జోగంజి నది పొడవు 56 కిలోమీటర్లు, చివరికి సముద్రంలో పడుతుంది.

మొదటి దశ: తొట్టి, నీళ్లు (ఏప్రిల్ చివరి రెండు వారాలు)

కాగితం మీద వేసిన మొదటి కొలతలు: పొడవు 180, వెడల్పు 60, ఇసుక లోతు 10 సెంటీమీటర్లు. చెక్క కొనే ముందు బరువు లెక్క వేయడం ఒక్కటే ఈ దశలో నేను చేసిన తెలివైన పని. అది 108 లీటర్ల ఇసుక. తడిస్తే లీటరుకు దాదాపు 1.9 కిలోలు. ఇసుకే 205 కిలోలు, నీళ్లు, చెక్క కలిపితే 280 దాటుతుంది. చదరపు మీటరుకు 260 కిలోలు. ఇక్కడి ఇళ్లలో నేల మోయాల్సిన బరువుగా లెక్కలోకి తీసుకునేది సుమారు 180 కిలోలు. బాల్కనీతో సహా కింది అంతస్తు పెద్దాయన తలమీదకు దిగాలన్న కోరిక లేదు కాబట్టి కొలతలు మార్చాను.

1. వెడల్పు 45 సెంటీమీటర్లకు తగ్గించాను.
2. కొండలు ఇసుకతో కాకుండా థర్మాకోల్‌తో చెక్కి, పైన సగటున 4 సెంటీమీటర్ల ఇసుక మాత్రమే పరచాలని నిర్ణయించాను.
3. ఇసుక 60 కిలోలకు మించకూడదని గీత గీసుకున్నాను.

మొత్తం 130 కిలోలు వచ్చింది. చదరపు మీటరుకు 160.

తొట్టి అడుగు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పక్కలు 15 సెంటీమీటర్ల ఎత్తు చెక్కలు. మూలల్లో సిలికాన్ పూసి ఒక రోజు ఆరనిచ్చి నీళ్లు పోశాను. నలభై నిమిషాల్లో 2.4 లీటర్లు కారిపోయాయి. మళ్లీ పూశాను, మళ్లీ కారింది, ఈసారి 1.1 లీటర్లు. తప్పు సిలికాన్‌ది కాదు. వార్నిష్ వేయని ప్లైవుడ్ నీళ్లు తాగి ఉబ్బుతోంది, ఉబ్బిన చెక్క మీద అతుకు ఊడుతోంది. రెండు ట్యూబులు దండగ.

చివరికి తోటల్లో చిన్న కొలనుల కింద పరిచే మందపాటి షీటు తెచ్చాను. మూలల్లో కత్తిరించలేదు, పుస్తకానికి అట్ట వేసినట్టు మడిచి పైఅంచున పిన్నులు కొట్టాను. కారడం సున్నా. మొదటే ఇది చేసి ఉంటే రెండు ఆదివారాలు మిగిలేవి.

నీళ్ల ఏర్పాటు సులభం. కింద 60 లీటర్ల టబ్బు, అందులో కొలను పంపు, పైకి మూడు మీటర్ల గొట్టం. పంపు డబ్బా మీద నిమిషానికి 8 లీటర్లు అని ఉంది. గొట్టం చివర బకెట్టు పెట్టి గడియారంతో కొలిస్తే 5.2 వచ్చింది. ఎత్తుకు ఎక్కాలి కదా. డబ్బా మీది అంకెను నమ్మి తర్వాతి లెక్కలు వేయకండి. గొట్టానికి ఒక బిగింపు పెట్టి నిమిషానికి 3 లీటర్ల దగ్గర ఆపాను. ఇక అన్ని పరుగులకూ అదే (ఒక్కోసారి నీళ్లు వదిలి చూడటాన్ని పరుగు అంటున్నాను).

ఇప్పటివరకు: ఖర్చు 14,130 యెన్లు, పని 9 గంటలు, దండగ 960 యెన్లు.

రెండో దశ: వాలు (మే మొదటి వారం)

నదికి ఉన్న అసలు వాలు పెట్టాలని పట్టుబట్టాను. పుట్టే చోట కితనొమతా శిఖరం ఎత్తు 2,661 మీటర్లు, పొడవు 56 కిలోమీటర్లు. అంటే సగటున ఇరవై ఒకటికి ఒకటి. 180 సెంటీమీటర్ల తొట్టికి పైచివర 8.6 సెంటీమీటర్లు లేపితే సరి. రసమట్టం, కొలత టేపుతో సరిచూసి, చదునుగా ఇసుక పరిచి, నీళ్లు వదిలాను.

ఏమీ జరగలేదు. నీళ్లు ఇసుక మీద పలచటి పొరలా పాకి టబ్బులో పడ్డాయి. అరగంటకు కింది జాలీలో పడిన ఇసుక 410 గ్రాములు. రెండోసారి 380. పిల్లలు రెండు నిమిషాల్లో లేచిపోతారు.

కారణం ఆలోచిస్తే తేలికే. ఇసుకరేణువును కదిపే బలం నీటి లోతును, వాలును బట్టి ఉంటుంది. లోతును ముప్పై వేల వంతు చిన్నది చేశాను కానీ రేణువును అంత చిన్నది చేయలేను, చేస్తే అది బురద అవుతుంది. నా నదిలో లోతు రెండు మిల్లీమీటర్లు కూడా లేదు, రేణువేమో ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు. ఆ రెంటికీ కుదరాలంటే వాలు పెంచక తప్పదు.

పైచివర 15 సెంటీమీటర్లకు లేపాను, అంటే పన్నెండుకు ఒకటి. అదే ఇసుక, అదే నీరు. అరగంటకు 4.6 కిలోలు. ఈసారి కాలువ తనంతట తానే మెలికలు తిరిగింది, చివర విసనకర్రలా మేట వేసింది. అసలు తొయామా మైదానంలో కూడా జోగంజి వేసిన మేట విసనకర్ర ఆకారమే.

నమూనా పక్కన అట్టముక్క మీద ‘ఇది కొలతకు తగ్గ నమూనా కాదు, వాలు ఎక్కువ చేశాం’ అని రాసి పెట్టాను. నిజానికి అసలు నది కూడా తక్కువేమీ కాదు. జపాన్ ప్రభుత్వానికి పనిచేసిన నెదర్లాండ్స్ ఇంజినీరు యొహానిస్ దె రైకె 1891 వరద తర్వాత ఇక్కడికి వచ్చాడు. ‘ఇది నది కాదు, జలపాతం’ అన్న మాట ఆయన పేరు మీద చెలామణీలో ఉంది. ఆయనే అన్నాడా అన్న తగవు అలా ఉంచి, గట్టు మీద నిలబడి చూస్తే మాత్రం ఆ మాటే నోటికి వస్తుంది.

థర్మాకోల్ చెక్కడం గురించి ఒక్క మాట. రంపం వాడితే తెల్ల పూసలు ఇల్లంతా ఎగురుతాయి, చీపురుకు దొరకవు. వెడల్పాటి కట్టర్ కత్తిని పొడవుగా బయటికి తీసి, ఒక్క లాగుడులో కోయండి. పై 60 సెంటీమీటర్లలో గిన్నె, మధ్య 70లో ఇరుకు లోయ, చివరి 50లో మైదానం. లోయ అడుగు మిగతాదానికన్నా నిటారుగా చెక్కాను. 70 సెంటీమీటర్లలో 11.5 దిగుతుంది, అంటే దాదాపు ఆరుకు ఒకటి.

ఇప్పటివరకు: ఖర్చు 16,470 యెన్లు, పని 15 గంటలు, దండగ 960.

మూడో దశ: ఇసుక (మే రెండు, మూడు వారాలు)

అందరూ చివరికి వదిలేసే విషయం ఇదే. నేనూ వదిలేశాను, దెబ్బతిన్నాను.

మొదట పిల్లల ఇసుక గుంటల్లో పోసే సన్న ఇసుక తెచ్చాను. తడిగా ఉన్నంతసేపు అది గోడలా నిలబడుతుంది. నీరు కింద తొలుస్తూ పోతే చాలాసేపు ఏమీ కాదు, తర్వాత అరచేయంత ముక్క ఒక్కసారిగా విరిగి పడుతుంది. చూడ్డానికి బాగుంది కానీ ప్రతి పరుగుకూ ఫలితం వేరు. వరుసగా మూడు పరుగుల్లో 2.1, 5.3, 3.0 కిలోలు. ఇంత తేడాలో కట్ట పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

తర్వాతి తెలివితక్కువతనం మరీ ఖరీదైనది. అగ్నిపర్వతం కదా, అగ్నిపర్వతపు రాయి ఉండాలి కదా అని తోటపని దుకాణంలో నురగరాయి సంచి కొన్నాను. కలిపాను. పంపు వేశాను. నురగరాయి తేలింది. తేలుతూ తేలుతూ మైదానంలో ఉన్న ఇళ్ల బొమ్మలన్నిటినీ చుట్టుముట్టి, టబ్బులోకి దిగి, పంపు నోట్లో ఇరుక్కుంది. పంపు విప్పి చెవిలో గుబిలి తీసినట్టు ఒక్కో ముక్కా తీశాను. నీళ్లలో తేలే రాయి గురించి బడిలో చదువుకున్నవాడినే.

వీడియో కాల్‌లో నాన్న ఇదంతా చూశారు. వికారాబాద్ దగ్గర మా ఊళ్లో చెరువు కింద మూడెకరాల రైతు ఆయన. “అగ్నిపర్వతం రాయి అంటే తేలేదే కావాలా? మన నల్లరేగడి కింద ఉండే నల్లరాయి ఏమిటంటావు?” అన్నారు. నిజమే. దక్కను పీఠభూమిని సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట లావా పొరలు కప్పాయి, అది అరిగి వచ్చిందే మా రేగడి. ఆ రాయి ముక్కలు ఇక్కడ దొరకవు కానీ ఏరి తెచ్చుకున్న మామూలు గులకరాళ్లే పనిచేస్తాయని అర్థమైంది.

చివరికి కుదిరిన కలగలుపు, కొలత గ్లాసు లెక్కన:

1. ముతక నది ఇసుక 6 గ్లాసులు
2. సన్న ఇసుక 2 గ్లాసులు
3. అయిదు మిల్లీమీటర్ల గులక 1 గ్లాసు
4. వేలిగోరంత రాళ్లు, గుప్పెడు

బంకమట్టి కూడా అయిదు శాతం కలిపి చూశాను. అసలు శిథిలంలో అది ఉంటుంది కాబట్టి. నీళ్లు టీ రంగుకు తిరిగి అడుగు కనబడలేదు. తీసేశాను. ఇసుక మొత్తం వడకట్టి కడగడానికి అయిదు గంటలు పట్టింది.

ఈ కలగలుపుతో కట్టలు లేకుండా మూడు పరుగులు. ప్రతిసారీ అట్టముక్క అచ్చుతో నది అడుగును మళ్లీ సరిచేశాను. జాలీలో పడినది ఒక గంట నీరు ఓడనిచ్చి తూచాను: 3.8, 4.1, 3.7 కిలోలు. సగటు 3.9. తేడా పదో వంతు లోపే ఉంది. ఇక దీన్ని నమ్మవచ్చు.

ఇదే దశలో 1858ని ఒకసారి నడిపించాను. ఆరు కిలోల కలగలుపును లోయ ఇరుకులో కుప్పపోసి నీరు వదిలాను. ఆరు నిమిషాలు ఏమీ లేదు, కుప్ప వెనక చిన్న చెరువు నిండింది. అంచు మీదికి వచ్చిన సన్నని ధార దారి కోసుకుంది, గండి పడింది, నలభై సెకన్లలో అంతా అయిపోయింది. మైదానంలో పెట్టిన ఇరవై ఇళ్లలో పదకొండు పోయాయి. అసలు సంఘటనలో కూడా కొండ కూలిన రోజున కింది ఊళ్ల మీదికి ఈ వరద రాలేదు. పద్నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 23న ఒకసారి తెగింది. జూన్ 7న మళ్లీ తెగింది. మృతులు 140 మంది అని లెక్క. ఆ నీటితో దొర్లి వచ్చిన బండలు ఇంకా మైదానంలో ఉన్నాయి. నిషి-ఒమోరి దగ్గర ఉన్నది ఇద్దరు ముగ్గురు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడినా అందనంత ఎత్తు, సుమారు ఏడు మీటర్లు. పక్కనే పొలం.

ఇప్పటివరకు: ఖర్చు 19,600 యెన్లు, పని 23 గంటలు, దండగ 1,660.

నాలుగో దశ: కట్టలు, వాటి పతనం (మే చివర నుంచి జూన్ రెండో వారం)

మొదటి కట్ట: మూడు మిల్లీమీటర్ల అక్రిలిక్ పలక, ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తు. మూడు ఇసుకలో పాతి అయిదు పైకి ఉంచాను. అలుగు లేదు, పైఅంచు నేరుగా ఉంది. లోయ గోడల్లోకి ఒక సెంటీమీటరు చొప్పున గుచ్చాను.

మొదటి పతనం, తొమ్మిదో నిమిషం. నీరు కట్ట ఎక్కి, ఎక్కడ వీలైతే అక్కడ దూకాలి కాబట్టి ఎడమ చివరను ఎంచుకుంది. గోడను తొలిచి కట్ట పక్క నుంచి వెళ్లిపోయింది. కట్ట చెక్కుచెదరకుండా నిలబడి ఉంది, నది మాత్రం పక్కన ఉంది.

నాన్న ఫోన్లో చూస్తూ, “అలుగు ఏదిరా?” అన్నారు.

“ఇది చెరువు కాదు నాన్నా.”

“చెరువైనా వాగైనా నీళ్లకు నువ్వు దారి చూపించకపోతే అవే చూసుకుంటాయి. నడుమ పల్లంగా కోయి, చివరలు ఎత్తు చెయ్యి.”

సబొ కట్టల బొమ్మల్లో ఉన్నదీ అదే. నడుమ పల్లపు అలుగు, అటూ ఇటూ గట్టు వైపు ఎత్తుగా పోయే రెక్కలు. రెక్కలను గట్టులోకి లోతుగా దించుతారు. అలుగు నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర లోతు కోశాను. “ఇరుకు” అన్నారు నాన్న. వినలేదు. నీరు రెక్కలెక్కింది. ఏడు సెంటీమీటర్లకు వెడల్పు చేస్తే సరిపోయింది. రెక్కలను గోడల్లోకి నాలుగు సెంటీమీటర్లు దించాను.

రెండో పతనం, ఇరవై రెండో నిమిషం. ఈసారి కట్ట ముందుకు వాలి పడింది. అలుగు మీంచి దూకిన నీరు కట్ట పాదం దగ్గర గుంట తవ్వింది. పుల్ల గుచ్చి కొలిస్తే గుంట లోతు మూడు సెంటీమీటర్లు. పాతింది కూడా మూడే. ఇక నిలబడటానికి దానికి ఏముంది?

ఈ పతనం తర్వాతే షిరాయివా కట్టను నేను సరిగ్గా చూశాను. కాల్డెరా గుమ్మంలో ఉన్న కట్ట అది. 1929లో మొదలుపెట్టి 1939లో పూర్తి చేశారు. ప్రధాన కట్ట ఎత్తు 63 మీటర్లు. దాని కింద మరో ఏడు ఉపకట్టలు మెట్లలా ఉన్నాయి, మొత్తం దిగుడు 108 మీటర్లు. ఫోటోలో ఆ మెట్లు అందం కోసమని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఒక్కో ఉపకట్ట తన పైదాని పాదాన్ని కాపాడుతోంది. దూకే నీటి కింద మడుగు నిలిపితే ఆ మడుగే దెబ్బ తింటుంది, పునాది తినదు. 2009లో దీన్ని జాతీయ ముఖ్య సాంస్కృతిక సంపదగా ప్రకటించారు.

మార్పులు:

1. ప్రధాన కట్టకు 12 సెంటీమీటర్ల దిగువన రెండున్నర సెంటీమీటర్ల ఉపకట్ట.
2. రెంటి మధ్య వేలిగోరంత రాళ్ల పరుపు.
3. కట్ట అడుగుభాగంలో నాలుగు మిల్లీమీటర్ల రంధ్రాలు మూడు. వెనక నిలిచే నీటి తోపుడు తగ్గడానికి, పనిలో ఉండగా నీరు పోవడానికి అసలు కట్టలకూ ఇలా తూములు వదులుతారు.

మూడో పతనం చిన్నదే. అక్రిలిక్‌కు రంధ్రం వేస్తుంటే పలక పగిలింది. లోహానికి వాడే మొనతో, తొందరగా, కింద చెక్క పెట్టకుండా వేశాను. అక్రిలిక్ మీద ప్రేమ అక్కడితో పోయింది. తర్వాతి కట్టలన్నీ అయిదు మిల్లీమీటర్ల దేవదారు పట్టీలు, అంచులకు జిడ్డు బంకమట్టి. చవక, చేత్తో కోయవచ్చు, తడిస్తే ఉబ్బి గోడకు ఇంకా బిగుస్తాయి. తొట్టికి శత్రువైన గుణమే ఇక్కడ మిత్రుడైంది.

ఇప్పటివరకు: ఖర్చు 22,280 యెన్లు, పని 37 గంటలు, దండగ 2,980.

అయిదో దశ: నా అసలు తప్పు (జూన్ మూడు, నాలుగు వారాలు)

కట్ట నిలబడింది. మొదటి పరుగు: జాలీలో 1.6 కిలోలు. కట్ట లేనప్పుడు 3.9. సంతోషించి, కట్ట వెనక నిండిన ఇసుకను తాపీతో శుభ్రంగా తీసేసి, సంచిలో పోసి, రెండో పరుగు వేశాను. 2.2 కిలోలు. మళ్లీ తీశాను. మూడోది 2.7.

పెరుగుతోంది. ఉపకట్ట చూశాను, బాగుంది. రెక్కలు చూశాను, బాగున్నాయి. పంపు కొలిచాను, మూడు లీటర్లే. రెండు సాయంత్రాలు ఇలా లేని జబ్బుకు మందు వెతికాను.

తూకం పుస్తకంలో నేను రాయని అంకె ఒకటుంది. చేత్తో తీసిన పూడిక. సంచులు వేరుగా ఉన్నాయి కాబట్టి తూచగలిగాను: 2.4, 2.6, 2.9 కిలోలు. జాలీలో పడినదానికి వీటిని కలిపితే కొండ పోగొట్టుకున్న మొత్తం 4.0, 4.8, 5.6 కిలోలు. కట్ట లేనప్పటి 3.9 కన్నా ఎక్కువ! కట్ట కట్టి కొండను మరింత కరిగిస్తున్నాను. ప్రతి పరుగుకూ అచ్చు వేసి అడుగు సరిచేయలేదు కాబట్టి ఈ పోలిక గట్టిది కాదు, ఒప్పుకుంటాను. కానీ దిశ మాత్రం స్పష్టం.

ఏం జరుగుతోందో పక్క నుంచి ఫోనుతో వీడియో తీస్తే తెలిసింది. పూడిక తీయగానే కట్ట వెనక గుంట. పైనుంచి వచ్చే నీరు ఆ గుంటలోకి దూకుతూ అడుగును వెనక్కి కోసుకుంటూ పోతుంది. ఆ కోత గిన్నె అంచుకు చేరి కొండ పాదాన్ని తొలుస్తుంది. పాదం పోయిన కొండ జారుతుంది. నా తాపీయే ఆ కొండ పాదాన్ని కోస్తోంది.

నేను చెరువు ఊళ్లో పుట్టినవాణ్ణి. కట్ట అంటే నీళ్లు ఆపేది, పూడిక అంటే దాన్ని తినేసే జబ్బు. ఎండాకాలం పూడిక తీయించడం ఊరి ధర్మం, ఆ మట్టి పొలాలకు బలం. చిన్నప్పుడు ఆ ట్రాక్టర్ల వెంట పరుగెత్తిన చెయ్యి ఇక్కడ కూడా ఆలోచించకుండా తాపీ తీసుకుంది. సబొ కట్ట నీళ్లు ఆపడానికి కాదు. ఇలా కొండ పాదాన్ని పట్టి నిలిపే కట్ట నిండాలనే కడతారు. నిండాక దాని వెనక నది అడుగు ఎత్తవుతుంది, వాలు తగ్గుతుంది, కొండ పాదం మట్టి కింద భద్రంగా ఉంటుంది. నిండిన రోజు నుంచే దాని అసలు కొలువు మొదలు. (నిండాక తవ్వి ఖాళీ చేసే కట్టలూ ఉంటాయి, వచ్చేదాన్ని పట్టడమే వాటి పని. అది వేరే రకం.)

అడుగు అచ్చుతో సరిచేసి, ఈసారి తాపీ ముట్టకుండా నాలుగు పరుగులు:

మొదటిది 1.6 కిలోలు, రెండోది 2.3, మూడోది 1.9, నాలుగోది 1.8.

రెండోది పెరగడానికి కారణం కట్ట నిండి, ఇసుక అలుగు దాటడం. ఆ తర్వాత తగ్గి నిలకడకు వచ్చింది. రసమట్టం పెట్టి కొలిచాను: 70 సెంటీమీటర్లలో 11.5 దిగే అడుగు ఇప్పుడు 7.8 మాత్రమే దిగుతోంది. ఆరుకు ఒకటి ఉన్న వాలు తొమ్మిదికి ఒకటి అయింది. గిన్నె అంచు మూడో పరుగు తర్వాత జారలేదు.

ఒకటే పెద్ద కట్ట బదులు మెట్లు పెడితే? కాల్డెరా లోపల దొరొదాని అనే వాగులో 1930లలో చిన్న కట్టలను వరుసగా మెట్లలా కట్టారు. బోడిగా జారే ఆ లోయ ఇప్పుడు చెట్లతో నిండి ఉంది. ఆరు పట్టీలు కోశాను. ఒక్కోటి మూడు సెంటీమీటర్లు, రెండు పాతి ఒకటి పైకి. ఎడం 12 సెంటీమీటర్లు. లెక్క తేలిక: కింది కట్ట అంచు నుంచి నిండాక ఏర్పడే వాలు గీత గీస్తే అది పై కట్ట పాదాన్ని తాకాలి. నా వాలులకు 7 మిల్లీమీటర్లు చాలు, భయం కొద్దీ పది పెట్టాను.

నాలుగు పరుగులు: 1.4, 0.8, 0.6, 0.6 కిలోలు.

నాలుగోసారి తూకం రెండుసార్లు సరిచూశాను. కట్ట లేని 3.9 నుంచి 0.6కు.

ఆ రాత్రి నాన్నకు చెప్పాను. “పూడిక తీయకుండా వదిలేస్తే అది కట్ట ఎలా అవుతుందిరా, గోడ అవుతుంది గాని,” అన్నారు.

“గోడే నాన్నా. కొండ కింద పడకుండా గోడ.”

“అయితే మొదట్లోనే గోడ అని చెప్పాల్సింది. అలుగు గురించి అంతసేపు మాట్లాడించావు.”

అసలు పనిలో కూడా ఇది ఒక్క దెబ్బకు తేలలేదని చదివాక కొంచెం ఊరట కలిగింది. తొయామా జిల్లా ప్రభుత్వం 1906లోనే కట్టలు మొదలుపెట్టింది. 1919, 1922 వరదల్లో అవి ధ్వంసమయ్యాయి. 1926లో కేంద్ర ప్రభుత్వం పని చేతిలోకి తీసుకుంది. ఆస్ట్రియాలో చదివి వచ్చిన ఇంజినీరు అకాగి మసావొ పథకం మార్చాడు. పైన షిరాయివాతో గుమ్మం బిగించడం, లోపలి వాగుల్లో మెట్లు, దిగువన హొంగులో పెద్ద కట్ట. 1937లో పూర్తయిన హొంగు కట్ట ఒక్కటే యాభై లక్షల ఘనపు మీటర్ల ఇసుకను పట్టగలదు. ఆ పనులు ఈరోజుకీ సాగుతున్నాయి. కూలీలను, సామాన్లను మోసే చిన్న రైలు 18 కిలోమీటర్ల దారిలో 38 చోట్ల వెనక్కి ముందుకి తిరుగుతూ కొండెక్కుతుంది. దానిలో వరుసగా 18 మలుపులున్న చోటును కూడా తొట్టి పక్కన చేద్దామని ఒక ఆదివారం అగ్గిపుల్లలతో ప్రయత్నించాను. ముప్పై సెంటీమీటర్లలో 18 మలుపులు పట్టవు. వదిలేశాను.

ఇప్పటివరకు: ఖర్చు 22,280 యెన్లు (ఈ దశలో ఏమీ కొనలేదు), పని 47 గంటలు, దండగ 2,980, మొత్తం పరుగులు 22.

ఆరో దశ: తరలింపు, ప్రదర్శన (జూలై మొదటి, రెండో వారం)

తొట్టిని నిండుగా మోయాలని ప్రయత్నించకండి. క్రమం ఇది:

1. ముందు రోజు నీరంతా తోడేయండి. ఇసుక ఓడటానికి రాత్రంతా కావాలి.
2. ఇసుకను పది కిలోల సంచుల్లో వేయండి. ఇరవై కిలోల సంచిని మెట్ల మీద మోస్తే మర్నాడు కొలతలు తీయలేరు.
3. కట్టల స్థానాలను తొట్టి అంచు మీద పెన్నుతో గుర్తించండి.
4. అక్కడ వాలు మళ్లీ కొలవండి. సామాజిక భవనం నేల రెండు సెంటీమీటర్లు పక్కకు ఒరిగి ఉంది. నది ఎడమ గోడకు అంటుకుంది. కింద మడిచిన అట్టముక్కలు పెట్టాక నడుమకు వచ్చింది.

పిల్లలు పద్నాలుగు మంది. వివరించాలనుకున్న ప్రసంగం మూడో నిమిషంలో మానేశాను. చేతికి పట్టీలు ఇచ్చి, ‘ఇళ్లు మునగకుండా ఎక్కడ పెడతారో పెట్టండి’ అన్నాను. అందరూ మొదట ఇళ్ల ముందే పెట్టారు. నిండింది, దాటింది, మునిగింది. రెండో ఆటలో ఒక అమ్మాయి పట్టీ పట్టుకుని నెమ్మదిగా పైకి నడిచి గిన్నె గుమ్మంలో గుచ్చింది. వెనక ఇసుక నిండగానే ఇంకో అబ్బాయి చేత్తో తీయబోయాడు. ఆ అమ్మాయి వాడి చెయ్యి పట్టుకుని ఆపేసింది. నేనేమీ చెప్పలేదు.

గులక పంపులోకి ఒకసారి వెళ్లింది. పంపు చుట్టూ పాత మేజోడు తొడిగితే సరి, ఇది మొదటి రోజే చేసుకోండి. నీళ్లు ఆరు లీటర్లు నేల మీద పోయాయి, ఎక్కువ భాగం పిల్లల చేతుల నుంచే. టార్పాలిన్ ఇంకో మీటరు వెడల్పుది తేవాల్సింది.

చివరి లెక్క: ఖర్చు 26,480 యెన్లు (ఇందులో బండి అద్దె, టార్పాలిన్, అట్టలు 4,200), పని 54 గంటలు, దండగ 2,980, పరుగులు 26. ఇసుక 60 కిలోల్లో తిరిగి సంచుల్లోకి వచ్చింది 57.

ఆ ఇసుకను కాలువల్లో పోయవద్దు, పూడుకుపోతాయి. ఎండబెట్టి దాచాను, వచ్చే ఏడాదికి పనికొస్తుంది. తొట్టి ఇప్పుడు బాల్కనీలో గోడకు నిలబెట్టి ఉంది. మెట్లలో పైనుంచి నాలుగో పట్టీ రెండు మిల్లీమీటర్లు ముందుకు వాలింది. దాని కింద గుంట పడిందో, అబ్బాయి చెయ్యి తగిలిందో తేల్చాలంటే ఇంకో పరుగు వేయాలి. పంపు ఆరుతోంది.